ఆకులు బయటికి, ఎరువు లోపలికి

ఒక పెద్ద బొటానికల్ గార్డెన్ గేటు దగ్గర ఓ ఉదయం చాలాసేపు నిలబడిపోయాను. రాలిన ఆకులను ప్లాస్టిక్ సంచుల్లో కుక్కి లారీకెత్తుతున్నారు. ఆ లారీ కదలగానే అదే చోటికి ఇంకో లారీ వచ్చింది. దాన్నిండా ఎరువు బస్తాలు, కుండీలకు వేసే మిశ్రమం. మట్టికి దక్కాల్సిన తిండి ఒక బండిలో వెళ్లిపోతోంది. దాని బదులు కొనుక్కున్నది మరో బండిలో వస్తోంది. అప్పటినుంచి ఏ తోటకు వెళ్లినా పూలకన్నా ముందు గేటువైపు చూడటం అలవాటైంది. తోట పచ్చగా ఉన్నంత మాత్రాన ప్రకృతికి మేలు చేస్తున్నట్టు కాదు. లోపలికి ఏం వస్తోంది, బయటికి ఏం పోతోంది అని లెక్క చూసుకోవాలి.

చెట్టు ఆకును రాల్చే ముందు అందులోని నత్రజని, భాస్వరం కొంతవరకు వెనక్కి లాక్కుంటుంది. అలా లాక్కున్నాక కూడా రాలిన ఆకులో కాల్షియం, కొంత నత్రజని, బోలెడంత కార్బన్ మిగులుతాయి. వానపాములు, శిలీంధ్రాలు, బాక్టీరియా వాటిని తిని మట్టిలో కలుపుతాయి. ఎప్పటికప్పుడు నేలంతా ఊడ్చేస్తే వాటికి ఆ తిండి ఉండదు. నేల గట్టిపడి, వాన పడినా ఇంకకుండా నీరు పారిపోతుంది. ఆకులు కాల్చడం ఇంకా అన్యాయం. ఆ పొగలోని సన్నటి రేణువులు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

అన్ని ఆకులూ రాలిన చోటే వదిలేయలేం. దారుల మీద పడ్డవి తియ్యాల్సిందే. వాటిని తోటలోనే ఒక మూల కంపోస్ట్ చేయొచ్చు. ఎండాకుల్లో కార్బన్ ఎక్కువ, లాన్ కోసినప్పుడు వచ్చే పచ్చగడ్డిలో నత్రజని ఎక్కువ. బరువు లెక్కన నత్రజని ఒక వంతుంటే కార్బన్ సుమారు 30 వంతులు ఉండేలా ఈ రెంటినీ కలిపి, తడి, గాలి సరిగ్గా అందిస్తే కుప్ప లోపల 55 నుంచి 65 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి పుడుతుంది. బయటి నుంచి మంటేమీ అక్కర్లేదు, అదంతా సూక్ష్మజీవుల ఊపిరి వేడే. చల్లటి ఉదయం పార గుచ్చి ఆ కుప్పను తిరగేస్తే లోపలి నుంచి ఆవిరి లేస్తుంది, చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. ఆ వేడికే కలుపు విత్తనాలు, రోగకారక క్రిములు చాలావరకు చచ్చిపోతాయి. తిరగెయ్యకుండా బద్ధకిస్తే మాత్రం గాలాడక కుళ్లు వాసన వస్తుంది, మీథేన్ పుడుతుంది.

ఇక రెండో లారీలోని మిశ్రమం. నర్సరీల్లో అలాంటి మిశ్రమాల కోసం దశాబ్దాలుగా వాడుతున్న పీట్ ఎక్కడిదో చాలామందికి తెలియదు. చల్లటి ప్రాంతాల బురద నేలల్లో స్ఫాగ్నమ్ అనే నాచు పెరుగుతుంది. అది చచ్చినా, నీళ్లలో గాలి అందక పూర్తిగా కుళ్లదు. అలా పొర మీద పొర పేరుకుని పీట్ అవుతుంది. పెరిగేది ఏడాదికి ఇంచుమించు ఒక మిల్లీమీటరు. అంటే ఒక మీటరు లోతు తవ్వితే సుమారు వెయ్యేళ్ల నిల్వను తీసేసినట్టే. ప్రపంచ నేలలో పీట్ భూములు 3 శాతమే అయినా, అడవులన్నిటి చెట్లలో ఉన్నదానికన్నా ఎక్కువ కార్బన్ వాటిలో దాగి ఉంది. తవ్వి ఆరబెట్టగానే అది కార్బన్ డయాక్సైడ్‌గా మారడం మొదలవుతుంది. కీటకాలను తినే డ్రోసెరా లాంటి మొక్కలు కొన్ని బతికేది కూడా ఆ బురద నేలల్లోనే. అరుదైన మొక్కల్ని కాపాడటానికి పెట్టిన తోట, ఇంకోచోట అలాంటి మొక్కల నివాసాన్నే తవ్వి తెచ్చుకోవడం నాకు మింగుడుపడదు.

దీనికి ప్రత్యామ్నాయం ఉంది. లండన్‌లోని క్యూ గార్డెన్స్ లాంటివి పీట్ మానేసి చెట్ల బెరడు, చెక్క పీచు, కొబ్బరి పొట్టు కలిపిన మిశ్రమాలవైపు మళ్లాయి. కొబ్బరి పొట్టులో ఉప్పు ఉండొచ్చు, బాగా కడిగి వాడాలి. నీళ్లు పోసే పద్ధతీ మార్చుకోవాలి, ఎందుకంటే పైన పొడిగా కనిపించినా లోపల తడి ఉంటుంది. వేలు గుచ్చి చూసి పొయ్యాలి.

మొక్కల్ని వెచ్చగా ఉంచే గాజు ఇళ్ల, అంటే గ్లాస్‌హౌస్‌ల, వేడి కోసం పోయే ఇంధనం తక్కువేమీ కాదు. ఇంగ్లండ్‌లోని ఈడెన్ ప్రాజెక్ట్ అనే తోట దాదాపు 5 కిలోమీటర్ల లోతు బోరు వేసి, 2023 నుంచి భూగర్భ వేడిని వాడుతోంది. అంత ఖర్చు అందరూ పెట్టలేరు. కిటికీల సందులు మూయడం, ఒకే వాతావరణం కావాల్సిన మొక్కల్ని ఒకచోట చేర్చడం మాత్రం ఎవరైనా చేయగలరు.

లారీ అవసరం లేకుండా గోడ దాటిపోయేవి కూడా ఉన్నాయి. అందమైన పెద్ద ఆకుల కోసం 1937లో తహితీ ద్వీపంలోని ఒక తోటకు మికోనియా అనే మొక్కను తెచ్చారు. పిట్టలు దాని పండ్లు తిని గింజల్ని కొండల మీదికి చేరవేశాయి. ఇప్పుడు ఆ ద్వీపంలో సగానికి పైగా అది ఆక్రమించింది. దాని నీడలో స్థానిక మొక్కలకు వెలుతురే అందదు. అందుకే కొత్త మొక్క ఏది తెచ్చినా, గింజ ఎలా పాకుతుంది, పిట్ట తింటుందా, కాలువలో కొట్టుకుపోతుందా అని ముందే పరీక్షించాలి. అనుమానముంటే తేకపోవడమే మంచిది.

చూడటానికి వచ్చేవాళ్ల చేతిలోనూ కొంత ఉంది. చెట్టుకింద ఆకులు కనిపిస్తే చాలామంది ‘శుభ్రంగా లేదు’ అని ఫిర్యాదు చేస్తారు, మర్నాడే చీపురు వస్తుంది. ఈసారి అలాంటి చోట ఒక్క నిమిషం కూర్చుని పై ఆకుల్ని పక్కకు జరిపి చూడండి. కింద తడి నల్లమట్టి, ఆకుల్ని అల్లుకున్న తెల్లటి శిలీంధ్రపు దారాలు, వానపాము వదిలిన చిన్న చిన్న మట్టి ఉండలు కనిపిస్తాయి. చూశాక ఆకుల్ని మళ్లీ కప్పెయ్యండి.