టీవీ డబ్బు, ఐస్ హాకీ ఆటగాళ్ల జీతాలు: అపోహలు - వాస్తవాలు

టొరంటోలో క్రీడాసంస్థల ఆదాయవ్యయాల లెక్కలు చూడటం నా వృత్తి. 2025 ఏప్రిల్‌లో రోజర్స్ సంస్థ నేషనల్ హాకీ లీగ్ కెనడా ప్రసార హక్కులను మరో 12 ఏళ్లకు 1,100 కోట్ల కెనడా డాలర్లకు తీసుకుంది. 2013లో కుదిరిన పాత ఒప్పందం విలువ సుమారు 523 కోట్లు. ఆ వార్త వచ్చిన వారమంతా ఇక్కడి తెలుగు మిత్రులు నన్ను అడిగింది ఒక్కటే: "అయితే ఆటగాళ్ల జీతాలు కూడా రెట్టింపవుతాయా?"

అపోహ: టీవీ ఒప్పందం ఎంత పెరిగితే శాలరీ క్యాప్ (ఒక జట్టు ఆటగాళ్ల జీతాలకు పెట్టగల గరిష్ఠ మొత్తం) అంత పెరుగుతుంది.

టీవీ సొమ్ము నేరుగా క్యాప్‌లోకి రాదు. టికెట్లు, ప్రకటనలు, స్టేడియంలో తినుబండారాల అమ్మకాలు, ప్రసార హక్కులు అన్నీ 'హాకీ సంబంధిత ఆదాయం' అనే ఒకే పద్దులో పడతాయి. లీగ్, ఆటగాళ్ల సంఘం మధ్య 2013లో కుదిరిన ఒప్పందం నుంచి అందులో సగం యజమానులది, సగం ఆటగాళ్లది. స్థూలంగా చెప్పాలంటే, ఆటగాళ్ల సగంలోంచి పింఛను, బీమా వంటివి తీసేసి జట్ల సంఖ్యతో భాగిస్తే ఒక మధ్య అంకె వస్తుంది. దానికి 15 శాతం పైన గరిష్ఠ పరిమితి, అంటే క్యాప్; 15 శాతం కింద కనీస పరిమితి, అంటే ప్రతి జట్టూ జీతాల కింద తప్పక చూపించాల్సిన మొత్తం. 2025-26లో అవి 9.55 కోట్ల డాలర్లు, 7.06 కోట్ల డాలర్లు.

అమెరికన్ ఫుట్‌బాల్‌ను టీవీ పోషిస్తుంది. హాకీని ఇప్పటికీ ప్రధానంగా టికెట్ కొన్న ప్రేక్షకుడే పోషిస్తున్నాడు. జీతాల గొడవతో 2004-05 సీజన్ మొత్తం రద్దయ్యాక, 3.9 కోట్ల డాలర్లతో క్యాప్ మొదలైంది. అప్పట్లో అమెరికా టీవీ సంస్థ ఎన్‌బీసీ ముందస్తు రుసుమేమీ ఇవ్వకుండా ఆదాయంలో వాటా పద్ధతిలోనే ఆటలు చూపించింది. అయినా 2008-09 నాటికి క్యాప్ 5.67 కోట్లకు చేరింది. స్టేడియాలు నిండాయి, 2007లో కెనడా డాలర్ అమెరికా డాలర్‌తో సమానమైంది.

ఈ మారకపు రేటును చాలామంది పట్టించుకోరు. జీతాలు అమెరికా డాలర్లలో ఇస్తారు, కెనడా జట్ల వసూళ్లు, రోజర్స్ సొమ్ము మాత్రం కెనడా డాలర్లలో వస్తాయి. పాత రోజర్స్ ఒప్పందం అమల్లోకి వచ్చిన 2014-15లోనే చమురు ధరలు కూలి, వాటితోపాటు కెనడా డాలరూ పడిపోయింది. మరుసటి ఏడాది క్యాప్ 6.9 కోట్ల నుంచి 7.14 కోట్లకు మాత్రమే పెరిగింది.

అపోహ: 2021లో అమెరికా టీవీ సొమ్మును యజమానులు మింగేశారు.

ఈ ఆరోపణ ఎందుకు పుట్టిందో నాకు తెలుసు. ఈఎస్‌పీఎన్, టర్నర్ టీవీ సంస్థలు వచ్చాక లీగ్‌కు అమెరికా ప్రసార హక్కుల సొమ్ము ఏడాదికి సుమారు 20 కోట్ల డాలర్ల నుంచి 60 కోట్లకు పైగా పెరిగిందని వార్తలు వచ్చాయి. క్యాప్ మాత్రం 2021-22 వరకు మూడు సీజన్లు 8.15 కోట్ల దగ్గరే ఆగి, తర్వాత రెండేళ్లు ఏడాదికి పది లక్షల చొప్పున కదిలింది.

కారణం అప్పు. కోవిడ్ కాలంలో స్టేడియాలు ఖాళీగా ఉన్నా, కాంట్రాక్టుల ప్రకారం జీతాలు నడిచాయి. ఆటగాళ్లకు తమ సగం కన్నా ఎక్కువే ముట్టింది. మామూలుగా ఇలాంటి తేడాను సర్దడానికి ప్రతి జీతంలోంచి కొంత కోసి ఎస్క్రో ఖాతాలో పెడతారు. ఏడాది చివర లెక్క తేలాక అది యజమానులకో ఆటగాళ్లకో వెళుతుంది. ఆ ఏడాది తేడా ఎస్క్రోకు అందనంత పెద్దది. కోతకు పైపరిమితి పెట్టి, మిగిలిన బాకీని తర్వాతి సంవత్సరాలకు జరిపారు. ఆ బాకీ వంద కోట్ల డాలర్లు దాటింది. కొత్త టీవీ సొమ్ములో ఆటగాళ్ల వాటా ఆ బాకీ తీర్చడానికే ఉపయోగపడింది. కాంట్రాక్టులో రాసుకున్న జీతం, చేతికొచ్చే జీతం ఒకటి కావని అభిమానులకు ఎంత చెప్పినా తక్కువే.

అపోహ: క్యాప్ పెరిగితే అన్ని జట్లకూ మంచిదే.

దేశవ్యాప్త ప్రసారాల సొమ్ము జట్లన్నిటికీ సమానంగా వెళుతుంది. స్థానిక చానళ్ల సొమ్ము ఎవరిది వారికే. కానీ పద్దులోకి రెండూ వస్తాయి. అందువల్ల టొరంటో బాగా సంపాదిస్తే చిన్న ఊరి జట్టుకూ కనీస పరిమితి పెరుగుతుంది. అరిజోనా జట్టు అయిదు వేల మందైనా పట్టని విశ్వవిద్యాలయ స్టేడియంలో ఆడుతూ, కనీస పరిమితిని అందుకోవడానికి 2023లో షియా వెబర్ అనే ఆటగాడి కాంట్రాక్టును తెచ్చుకుంది. ఆయన గాయాలతో 2021 తర్వాత ఆడనే లేదు. క్యాప్ లెక్కలో కాంట్రాక్టు సగటు పడుతుంది గనుక ఏటా 78 లక్షల డాలర్లకు పైగా చూపించుకోవచ్చు, అసలు జీతం అందులో సగం కూడా లేదు. నిబంధన ప్రకారం అది తప్పు కాదు. ఆడే కుర్రాళ్లకు వెళ్లాల్సిన డబ్బు కాగితం మీద తీరిపోవడం మాత్రం నాకు బాధగానే ఉంటుంది.

ఐపీఎల్‌తో పోల్చేవారికి ఒక మాట: 2023-27 ప్రసార హక్కులు 48,390 కోట్ల రూపాయలు పలికాయి, అంతకుముందు అయిదేళ్ల కన్నా దాదాపు మూడింతలు. వేలం పర్సు 2023లో 95 కోట్లు, 2025లో 120 కోట్లు. అక్కడ సగం వాటా అన్న సూత్రమే లేదు.

అపోహ: 2026-27లో క్యాప్ పెరుగుదల రోజర్స్ వల్లే.

తేదీలు చూడండి. 2026-27కి 10.4 కోట్లు, ఆ తర్వాతి ఏడాదికి 11.35 కోట్ల డాలర్లు అని లీగ్, ఆటగాళ్ల సంఘం అంచనాలు ప్రకటించింది 2025 జనవరిలో. రోజర్స్ ఒప్పందం బయటికొచ్చింది ఏప్రిల్‌లో. అప్పటికే కోవిడ్ బాకీ తీరిపోయింది.