స్వైన్ ఫ్లూ అనగానే పందుల్ని అమ్మేయకండి

టీవీలో ‘స్వైన్ ఫ్లూ’ అన్న మాట వచ్చిందంటే చాలు, బెంగళూరులో నా ఫోను మోగుతూనే ఉంటుంది. పందుల రోగనిరోధక శక్తి మీద పని చేస్తానని చిత్తూరు, కోలారు వైపు తెలుగు రైతులకు తెలుసు. మొన్న పలమనేరు నుంచి ఒకాయన చేశాడు. “ఊళ్లో ఎవరికో స్వైన్ ఫ్లూ అంట సార్. నలభై పందులూ వచ్చిన రేటుకే ఇచ్చేస్తా ఉండా.” గొంతు వణుకుతోంది.

అపోహ: మనుషులకు స్వైన్ ఫ్లూ పందుల నుంచి, పంది మాంసం నుంచి వస్తుంది.

వాస్తవం: 2009లో వచ్చిన హెచ్1ఎన్1 వైరస్ పుట్టుక పందుల వైరస్‌ల నుంచే. కానీ ఆ ఏడు మేలో హైదరాబాద్‌లో తేలిన మన దేశపు తొలి కేసు అమెరికా నుంచి విమానంలో వచ్చిన ప్రయాణికుడిది. అప్పటి నుంచి అది మనుషుల దగ్గు, తుమ్ములతోనే తిరుగుతోంది. బాగా ఉడికిన మాంసంతో రాదు. పైగా చాలా దేశాల్లో దాన్ని పందులకు అంటించింది మనుషులే. “మీకెలా ఉందన్నా?” అని ఆ పలమనేరు రైతును అడిగితే, వారం నుంచి దగ్గుతూనే మేత వేస్తున్నాడట! “ఏదీ అమ్మొద్దు. తగ్గేదాకా మీరు షెడ్డులోకి పోవద్దు, మేత వేసేవాళ్లను మాస్కు పెట్టుకోమనండి” అన్నాను. ఫ్లూ వస్తే మంద మొత్తం దగ్గుతుంది, మేత మానేస్తుంది, ఎక్కువ పందులు వారంలో తేరుకుంటాయి. వరసగా చస్తుంటే మాత్రం అది వేరే జబ్బు, అదే రోజు పశువైద్యుణ్ని పిలవండి.

అపోహ: స్వైన్ ఫీవర్ టీకా వేశాం, ఫ్లూ రాదు.

వాస్తవం: స్వైన్ ఫీవర్ పందులకు వచ్చే ఇంకో జబ్బు. దాని వైరస్ వేరు, టీకా వేరు.

అపోహ: రక్తంలో యాంటీబాడీలు లేకపోతే టీకా దండగ.

వాస్తవం: యాంటీబాడీలు పట్టుకునేది ఎక్కువగా వైరస్ పైతొడుగును. అది మారిపోతూ ఉంటుంది. టి కణాలు (ఇవీ ఒంట్లో రోగంతో పోరాడే కణాలే) న్యూక్లియోప్రొటీన్ అనే ప్రొటీన్ లాంటి, అంతగా మారని వైరస్ లోపలి భాగాలను కూడా గుర్తుపట్టి, వైరస్ సోకిన కణాలను చంపుతాయి. సోకడాన్ని ఆపలేకపోయినా జబ్బు ముదరకుండా చూడగలవు. వాటిలో కొన్ని ఊపిరితిత్తుల్లోనే కాపురం పెడతాయి, రక్తంలో వెతికితే దొరకవు. ముక్కు ద్వారా టీకా ఇచ్చిన ఒక పంది కణాలను 96 గుంటల ప్లేటులో చూశాను. రక్తంలోని కణాలు వేసిన గుంటలో నాలుగైదు నీలి చుక్కలు. ఊపిరితిత్తుల కణాలు వేసిన గుంటలో లెక్కపెట్టలేనన్ని. ఒక్కో చుక్క, వైరస్‌ను గుర్తుపట్టిన ఒక్కో కణం. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లబుద్ధి కాలేదు.

అపోహ: ఏదో ఒక ఫ్లూ టీకా వేస్తే నష్టమేముంది?

వాస్తవం: ఉంది. పందుల్లో హెచ్1ఎన్1, హెచ్1ఎన్2, హెచ్3ఎన్2 రకాలు తిరుగుతుంటాయి. చంపిన వైరస్‌తో చేసిన టీకా ఒక రకానిదై, తర్వాత దానికి పొసగని రకం సోకితే, టీకా వేయని పందుల కంటే ఊపిరితిత్తులు ఎక్కువ దెబ్బతిన్నట్టు ప్రయోగాల్లో తేలింది. “ఎక్కడిదో సీసా దొరికింది, వేసేయమంటారా?” అని అడిగే తమ్ముళ్లకు అందుకే గట్టిగా వద్దంటాను.