అపెండిక్స్ ఆపరేషన్: పెద్ద గాటు నుంచి చిన్న రంధ్రాల దాకా

1980 సెప్టెంబరు 13న జర్మనీలోని కీల్ నగరంలో డాక్టర్ కర్ట్ సెమ్ ఒక పేషెంటుకు ల్యాప్రోస్కోప్‌తో, అంటే చిన్న రంధ్రంలోంచి పంపి కడుపు లోపల చూసే సన్నని గొట్టంతో, అపెండిక్స్ తీసేశారు. పొట్ట మీద చిన్న రంధ్రాలు తప్ప కోత లేదు. ఆయన సర్జన్ కూడా కాదు, గైనకాలజిస్ట్. సర్జన్లకు మండింది.

కడుపులోకి గొట్టం పంపి చూడటం అప్పటికి కొత్తేమీ కాదు. 1901లో గియోర్గ్ కెల్లింగ్ కుక్క మీద, 1910లో స్వీడన్‌లో జాకోబేయస్ మనుషుల మీద ఆ పని చేశారు. తర్వాత దాన్ని ఎక్కువగా పట్టుకున్నది గైనకాలజిస్టులే. కడుపులోకి గ్యాస్‌ను అదుపులో పంపే యంత్రం, లోపలే ముడి బిగించే ఉచ్చు సెమ్ తయారు చేసుకున్నవే. అయినా ఆయన ప్రాక్టీసు ఆపించాలని జర్మన్ సర్జన్ల సంఘం అధ్యక్షుడు లేఖ రాశారు. సెమ్ వ్యాసం 1983లో గానీ అచ్చు కాలేదు.

సర్జన్లది ఉత్త అసూయ అనుకుంటే పొరపాటే. 1894లో న్యూయార్క్ సర్జన్ మెక్‌బర్నీ చూపించిన పద్ధతిలో కుడివైపు చిన్న గాటు చాలు, కండరాలను కోయకుండా పక్కకు విడదీస్తారు. వెన్నుకు మత్తిచ్చి తొందరగా ముగించొచ్చు, ఖర్చూ తక్కువ. ల్యాప్రోస్కోపీకి మామూలుగా పూర్తి మత్తు కావాలి, ఖరీదైన సామాను కావాలి. ఇంత చిన్న గాటును ఇంకా చిన్నది చేస్తే ఏం ఒరుగుతుందన్నది న్యాయమైన ప్రశ్నే.

సర్జన్ల మనసు మార్చింది అపెండిక్స్ కాదు, గాల్‌బ్లాడర్ (పిత్తాశయం). దానికి పక్కటెముకల కింద పొడవాటి కోత పడేది. సెమ్‌ను చూసి జర్మన్ సర్జన్ ఎరిక్ మ్యూహె 1985లో గాల్‌బ్లాడర్‌ను ల్యాప్రోస్కోప్‌తో తీశారు. ఆయనకూ చీవాట్లే. 1987లో ఫ్రాన్స్‌లో ఫిలిప్ మూరే చేశాక అది ప్రపంచమంతా పాకింది. 1990లో ముంబైలో డాక్టర్ ఉద్వాడియా మొదలుపెట్టారు. చెయ్యి తిరిగిన సర్జన్లు అప్పుడు అపెండిక్స్‌కూ అదే దారి పట్టారు.

తర్వాత వచ్చిన పోలికల్లో తేడా మరీ పెద్దదేమీ కాదు: గాయానికి చీము పట్టడం, నొప్పి తగ్గాయి, పేషెంట్లు కాస్త ముందే ఇంటికి వెళ్లారు. ఆపరేషన్ మాత్రం కొంచెం ఎక్కువసేపు పట్టింది. కడుపు లోపల చీముగడ్డలు కట్టడం ల్యాప్రోస్కోపీలోనే ఎక్కువని పాత అధ్యయనాలు చెప్పాయి. లావుగా ఉన్నవాళ్లకు, అండాశయం నొప్పా అపెండిక్స్ నొప్పా తేలని ఆడవాళ్లకు మాత్రం లాభం స్పష్టంగా ఉంది.

ఆ రంధ్రాలూ వద్దన్నది హైదరాబాద్‌లో. ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీలో డాక్టర్ జి.వి.రావు, డాక్టర్ నాగేశ్వర్ రెడ్డి నోటి ద్వారా ఎండోస్కోప్ గొట్టం పంపి, జీర్ణాశయం గోడలోంచి కడుపు లోపలికి వెళ్లి అపెండిక్స్ తీశారు. 2000ల మధ్యలో అది ప్రపంచ వార్త. కానీ అది రోజువారీ ఆపరేషన్ కాలేదు. ఆరోగ్యంగా ఉన్న జీర్ణాశయానికి కన్నం పెట్టి, దాన్ని లీకు కాకుండా మూసే పూచీ తీసుకోవడానికి చాలామంది సర్జన్లు ముందుకు రాలేదు.