పత్తి మొక్కకి బెండాకులు

చిన్నీ, బుజ్జీ,

దసరా సెలవులకి వచ్చినప్పుడు గట్టు పక్క సాళ్లు చూసి, "తాతయ్యా, ఇక్కడ బెండ వేశావా?" అని అడిగారు కదా. పత్తి తీతల హడావిడిలో సరిగ్గా చెప్పలేకపోయాను.

అవి పత్తి మొక్కలే. వరిలో కలుపుకి 2,4-డి కొట్టిన పంపుని బాగా కడగకుండా, దాంతోనే పత్తికి పురుగుమందు కొట్టాను. అడుగున మిగిలిన ఆ కాస్తే చాలింది. తర్వాత వచ్చిన ఆకులు వేళ్లలా సన్నగా చీలిపోయి, ఈనెలు ఒకదాన్నొకటి ఆనుకుని వచ్చాయి. చేను పోయిందేమోనని ఒకటే టెన్షన్.

మొక్కని కింది నుంచి పైకి చూశారా? అడుగు ఆకులు అరచేయంత వెడల్పు. నడిమివి బెండాకులు. పైన మళ్లీ మామూలువే. మందు పడేనాటికే విచ్చుకున్న ఆకులు ఆకారం మార్చుకోలేదు. ఆకు రూపం చాలావరకు చిగురు లోపలే, అది చిన్న బుడిపెగా ఉన్నప్పుడే ఖాయమవుతుంది.

ఆ బుడిపెకి దారి చూపేది ఆక్సిన్ అనే హార్మోన్. చిగురు కొనలో అది ఎక్కడ పోగైతే అక్కడ ఆకు పుడుతుంది. ఆకు అంచులో ఎక్కడ పోగైతే ఆ చోటు ముందుకు సాగుతుంది, పక్కది వెనకబడుతుంది. అలా వస్తాయి రంపపు పళ్లు, చీలికలు. ఈనెలకి దారి వేసేదీ అదే. అంటే ఆక్సిన్ ఒకచోట ఉండాలి, పక్కన ఉండకూడదు. 2,4-డి కూడా ఆక్సిన్‌లాగే పనిచేస్తుంది, కానీ మొక్క దాన్ని తొందరగా కరిగించుకోలేదు. అన్నిచోట్లా అదే ఉంటే లేత ఆకుకి దారి ఎలా తెలుస్తుంది? వరి, గడ్డి జాతి మాత్రం తట్టుకుంటాయి.

2000లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో శాస్త్రవేత్తలు టమాటా చిగురులో ఆక్సిన్ కదలకుండా ఆపారు. కాడ ఆకుల్లేకుండా సూదిలా పెరిగింది. ఆ సూది కొనకి ఒక పక్కన ఆక్సిన్ అద్దితే, సరిగ్గా అక్కడే ఆకు మొలిచింది! ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

జిబ్బరెలిన్, సైటోకైనిన్ లాంటి వేరే హార్మోన్లూ ఆకు పెరుగుదలలో పాలుపంచుకుంటాయి. వాటి సంగతి ఇంకో ఉత్తరంలో.

ఈలోగా మీ కుండీలోని మందారం మీద ఒక పని చేయండి. ఒక ఆకుని కత్తిరించి, తొడిమ మాత్రం కొమ్మకే ఉంచండి. పక్క ఆకుని ముట్టుకోవద్దు. ఆకు నుంచి దిగే ఆక్సినే తొడిమని కొమ్మకి పట్టి ఉంచుతుంది. ఆకులేని తొడిమ ఎన్నో రోజుకి రాలిందో నాకు రాయండి.

మీ
తాతయ్య