ఆమూఖ్తా ఎప్పుడు చాచా?

మా అన్న కొడుక్కి పన్నెండేళ్లు. నెల్లూరు కోటమిట్టలో, ఇంటికి దగ్గర్లోనే ఉన్న మదరసాలో హిఫ్జ్ చేస్తున్నాడు, అంటే ఖురాన్ మొత్తం నోటికి నేర్చుకుంటున్నాడు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, ఫోన్‌లో చూసేది ఏ భాషో వాడికే తెలియాలి, కానీ అరబ్బీ మాత్రం రాదు. అక్షరాలు కూడబలుక్కోకుండా చదువుతాడు, ఉచ్చారణ బ్రహ్మాండం, అర్థం తెలియదు. అయినా ఖురాన్‌లోని ముప్ఫై పారాల్లో, అంటే భాగాల్లో, పద్దెనిమిది అయిపోయాయి. మొత్తం 114 సూరాలు (అధ్యాయాలు), 6,236 ఆయత్‌లు (వాక్యాలు), దాదాపు 77 వేల పదాలు. నాకేమో కిరాణా కొట్టుకి వెళ్తే చీటీ లేకుండా మూడో సరుకు గుర్తుకు రాదు.

"వాడి బుర్రే వేరబ్బా" అంటారు విన్నవాళ్లు. నేను ఒప్పుకోను. చిన్నప్పుడు నేనూ ఐదు పారాల దాకా వెళ్లి మానేసినవాణ్ణే, లోపలి సంగతి కొంచెం తెలుసు. పారాకి ఇరవై పేజీల లెక్కన సుమారు 600 పేజీలు, రోజుకో పేజీ పెట్టుకున్నా సెలవులు పోను రెండేళ్ల పని. పేజీ ఎక్కించుకోవడం ఎవరికైనా సాధ్యమే. నిన్న ఎక్కించుకున్నది ఇవాళ జారిపోకుండా చూసుకోవడం, అదీ అసలు తంటా.

అందుకే మదరసాలో రోజును మూడు ముక్కలు చేశారు. కొత్త పాఠం సబక్. రాత్రి నేర్చుకుని, పడుకుని, తెల్లవారుజామున ఫజర్ నమాజు తర్వాత ఇంకోసారి తిప్పుకుని హజ్రత్‌కి, అంటే గురువుగారికి, అప్పజెప్పాలి. దాని వెనక సబక్ పారా, అంటే ఈ మధ్యే నేర్చిన పేజీలు, ఇవి రోజూ. ఆ తర్వాత ఆమూఖ్తా, ఎప్పుడో నేర్చేసిన పాత పారాలు వంతుల వారీగా. కొత్తది ఒక్క పేజీ అయితే పాతది ఇరవై ముప్ఫై పేజీలు. ఆమూఖ్తాలో తప్పులు ఎక్కువైతే ఆ రోజు కొత్త సబక్ బంద్. నేను మానేసింది కూడా ఆమూఖ్తా భయంతోనే, సబక్ అంటే నాకెప్పుడూ టెన్షన్ లేదు.

ఖురాన్‌ని నోటికి ఉంచుకున్నవాణ్ణి కట్టేసిన ఒంటెల యజమానితో పోల్చారు ప్రవక్త. కనిపెట్టుకుని ఉంటే ఉంటాయి, వదిలేస్తే పోతాయి. ఈ హదీసు, అంటే ప్రవక్త మాట, మా హజ్రత్ వారానికోసారైనా చెప్పేవారు. మాకు ఒంటెలు తెలియవు కాబట్టి పలుపు తెంపుకున్న బర్రెని ఊహించుకునేవాళ్లం.

ఈ పలుపు ఎంత వేగంగా తెగుతుందో కొలిచిన మనిషి జర్మనీలో హెర్మాన్ ఎబ్బింగ్‌హౌస్. అర్థంలేని అక్షరాల గుంపులు తయారుచేసుకుని, తన మీదే ఏళ్ల తరబడి ప్రయోగం చేసుకుని, 1885లో ఫలితాలు అచ్చేశాడు. కొలిచిన పద్ధతి తమాషాగా ఉంటుంది. ఎంత గుర్తుందని కాకుండా, మర్చిపోయిన జాబితాను మళ్లీ నేర్చుకోవడానికి ముందుకన్నా ఎంత తక్కువ శ్రమ పట్టిందని చూశాడు. ఇరవై నిమిషాల తర్వాత 58 శాతం శ్రమ ఆదా అయింది, రోజు తర్వాత 34, నెల తర్వాత 21. అంటే మొదటి రోజే భారీగా పోతుంది, మిగిలింది మాత్రం మొండిగా చాలాకాలం ఉంటుంది. ఇప్పుడు మదరసా టైమ్‌టేబుల్ చూడండి. కొత్తది రోజూ, పాతది అప్పుడప్పుడూ, సరిగ్గా ఈ లెక్కను పక్కన పెట్టుకుని వేసినట్టుంటుంది. రాత్రి నేర్చి పొద్దున చెప్పడం కూడా ఊరికే కాదు. నేర్చుకున్నాక మెలకువగా ఉన్నప్పటికన్నా నిద్రపోతే తక్కువ మర్చిపోతామని 1924లోనే అమెరికాలో జెంకిన్స్, డాలెన్‌బాక్ చూపించారు.

అప్పజెప్పడం సంగతి ఇంకా ఉంది. మనం పరీక్షలకి చదివేటప్పుడు పుస్తకం తెరిచి అదే పేజీని నాలుగుసార్లు చదువుతాం, వచ్చేసినట్టే అనిపిస్తుంది. రోడిగర్, కార్పికి అనే ఇద్దరు 2006లో కాలేజీ పిల్లల మీద చూశారు. ఒక గుంపు పాఠాన్ని నాలుగు విడతలు చదివింది, ఇంకో గుంపు ఒక్క విడత చదివి మూడుసార్లు పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుంది. ఐదు నిమిషాలకి పరీక్ష పెడితే చదివినవాళ్లే ముందున్నారు. వారం ఆగి పెడితే వాళ్లకి 40 శాతం, గుర్తు తెచ్చుకున్నవాళ్లకి 61. హజ్రత్ ముందు కూర్చున్న పిల్లాడు రోజంతా చేసేది ఈ రెండో పనే. మొరాకో, సూడాన్ లాంటి చోట్ల చెక్క పలక మీద ఆయత్‌లు రాసుకుని, నోటికి వచ్చాక కడిగేసి కొత్తవి రాసుకునే పద్ధతి ఉంది. మార్కాపురం పలక మీద ఎక్కాలు రాసి, తుడిపేసి, చూడకుండా చెప్పినవాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

ఇంత చేసినా హాఫిజ్‌లకి, అంటే ఖురాన్ మొత్తం నోటికి వచ్చినవాళ్లకి, చెమటలు పట్టించేవి ఒకలాంటి ఆయత్‌లు. ముతషాబిహాత్ అంటారు. పేదరికం వల్ల పిల్లల్ని చంపొద్దని ఖురాన్ రెండుచోట్ల చెబుతుంది. ఆరో సూరా 151వ ఆయత్‌లో "మీకూ, వాళ్లకీ" ఉపాధి ఇచ్చేది మేమే అని వస్తుంది, పదిహేడో సూరా 31లో "వాళ్లకీ, మీకూ" అని తిరగబడుతుంది. అర్థం తెలియనివాడు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి జారిపోతాడు, రైలు పట్టా మారినట్టు, వాడికే తెలియదు. అర్థం తెలిస్తే చిక్కే లేదు. మొదటిచోట మాట్లాడుతున్నది ఇప్పటికే పేదరికంలో ఉన్నవాళ్లతో, అందుకే ముందు "మీకు". రెండోచోట పేదరికం వస్తుందేమోనని భయపడేవాళ్లతో, కాబట్టి ముందు "వాళ్లకు". నన్నడిగితే హిఫ్జ్‌తోపాటే కాస్త అరబ్బీ కూడా నేర్పాలి. ఎబ్బింగ్‌హౌస్‌కి కూడా అర్థమున్న కవిత్వం నేర్చుకోవడానికి అర్థంలేని అక్షరాల శ్రమలో పదో వంతే పట్టింది. మన వేదపండితులు ఇలాంటి జారుడుని ఇంకోలా ఆపారు. ఘనపాఠంలో పదాల్ని ముందుకీ వెనక్కీ తిప్పి తిప్పి వల్లిస్తారు, వరస తప్పే సందే ఉండదు.

రంజాన్ రాత్రుల్లో చేసే తరావీహ్ నమాజులో, ముందుండి చదివే హాఫిజ్ తడబడితే వెనక వరసలోంచి ఇంకో హాఫిజ్ పదం అందిస్తాడు. దాన్ని లుఖ్మా అంటారు, లుఖ్మా అంటే అన్నం ముద్ద. ముద్ద నోట్లో పడిందంటే మిగతాది దానంతటదే సాగుతుంది, ఎందుకంటే ఈ జ్ఞాపకం గొలుసులాంటిది, ఒక కొస చేతికందాలంతే.

మొన్న సరదాకి మావాడి ముందు కూర్చుని రెండో పారా మొదలుపెట్టాను, ముప్ఫై ఏళ్ల తర్వాత. రెండు ఆయత్‌లు ఎలాగో గడిచాయి, మూడోదాని దగ్గర గోడ. వాడు ముసహఫ్ (ఖురాన్ ప్రతి) తెరవకుండానే "ఖద్ నరా" అన్నాడు, ఆ ఆయత్ సగం దాకా నా నోట్లోంచి వచ్చేసింది, అది లోపలుందని నాకే తెలియదు. చిన్నప్పుడు వారం పట్టిన ఆ పేజీ ఈసారి రెండు రోజుల్లో కుదిరింది. మూడో రోజు వాడికి అప్పజెప్పి, గర్వంగా లేచి చెప్పులేసుకుంటుంటే వాడు అడిగాడు, "ఆమూఖ్తా ఎప్పుడు చాచా?"