తెర మీదికి ఆ ఫోన్ నంబర్ ఎలా వచ్చింది?

ఏదో చదువుకుంటూ ఒక లింక్ నొక్కుతారు, లేదా వెబ్‌సైట్ అడ్రస్‌లో ఒక అక్షరం తప్పు కొడతారు. ఉన్నట్టుండి తెరంతా నీలంగానో ఎర్రగానో మారిపోతుంది. కంప్యూటర్‌లో వైరస్ ఉంది, మీ బ్యాంకు వివరాలు బయటికి పోతున్నాయి, కంప్యూటర్ ఆపొద్దు, వెంటనే ఈ నంబర్‌కి ఫోన్ చేయండి అని పెద్దపెద్ద అక్షరాలు. సైరన్ మోత. దాని మీద ఒక గొంతు అదే హెచ్చరికను పదేపదే చదువుతూ ఉంటుంది. మూసేద్దామంటే మూసే గుర్తే కనబడదు. ఎంతటివాళ్లకైనా టెన్షన్ వస్తుంది.

నిజానికి అప్పటికి కంప్యూటర్‌కి ఏమీ కాలేదు. తెర మీద ఉన్నది ఒక వెబ్ పేజీ, అంతే. నష్టం మొదలయ్యేది ఆ నంబర్‌కి ఫోన్ చేశాకే. మామూలు వెబ్ పేజీకి ఇంత భయపెట్టే బలం ఎలా వచ్చిందో, అందులోకి ఫోన్ నంబర్ ఎందుకు చేరిందో తెలియాలంటే పాతికేళ్లు వెనక్కి వెళ్లాలి.

ఇలా ఉన్నట్టుండి పైకి తెరుచుకునే కిటికీని పాపప్ అంటారు. అది మోసం కోసం పుట్టలేదు. 1990ల చివర్లో ట్రైపాడ్ అనే వెబ్ సంస్థలో పనిచేసిన ఈథన్ జుకర్‌మన్ దానికి మొదటి కోడ్ రాసినవాళ్లలో ఒకరు. సభ్యులు పెట్టుకున్న పేజీల్లో అభ్యంతరకరమైనవీ ఉండేవి. వాటి పక్కన తన పేరు కనబడటం ప్రకటన ఇచ్చిన కంపెనీకి నచ్చలేదు. అందుకని ప్రకటనను వేరే కిటికీలో తెరిపించారు. 2014లో ఆయనే ఒక వ్యాసంలో ఇందుకు క్షమాపణ చెప్పుకున్నారు. అప్పటికి అది ఎన్ని చేతులు మారిందో!

2004లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్, విండోస్ ఎక్స్‌పీకి సర్వీస్ ప్యాక్ 2 అనే అప్‌డేట్ పాపప్‌లను అడ్డుకునే ఏర్పాటుతో వచ్చాయి. ప్రకటనల పాపప్‌లు తగ్గాయి కానీ భయపెట్టేవి ఆగలేదు. ఆ దశాబ్దంలోనే విన్‌ఫిక్సర్, యాంటీవైరస్ ఎక్స్‌పీ లాంటి దొంగ సాఫ్ట్‌వేర్లు జనాన్ని పీడించాయి. ఉత్తుత్తి స్కాన్ నడిపి, వందల వైరస్‌లు దొరికాయని చూపించి, వాటిని తీసేయడానికి డబ్బు కట్టమనేవి. ఈ వ్యాపారం చేసిన ఒక ముఠా మీద, అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2008 డిసెంబర్‌లో కేసు వేసింది. పది లక్షల మందికి పైగా మోసపోయారని తేల్చింది. 2012లో కోర్టు 16.3 కోట్ల డాలర్లు కట్టాలని తీర్పిచ్చింది.

ఇంచుమించు అదే కాలంలో ఇంకో ముఠా వేరే దారిలో బయల్దేరింది. వీళ్లు ఇళ్లకే ఫోన్ చేసేవాళ్లు. ‘విండోస్ సపోర్ట్ నుంచి మాట్లాడుతున్నాం, మీ కంప్యూటర్ నుంచి మాకు హెచ్చరికలు వస్తున్నాయి’ అని మొదలుపెట్టేవాళ్లు. నమ్మకం కుదరడానికి ఈవెంట్ వ్యూయర్ తెరిపించేవాళ్లు. అది విండోస్ తనకోసం రాసుకునే చిట్టా. ఏ లోపం లేని కంప్యూటర్‌లో కూడా అందులో ఎర్ర గుర్తులు, పసుపు త్రిభుజాలు బోలెడు ఉంటాయి. అలవాటు లేని కంటికి అవన్నీ రోగాలే అనిపిస్తాయి.

దీనికంటే గడుసు ఎత్తు ఇంకొకటి ఉంది. కమాండ్ విండోలో ఒక ఆదేశం టైప్ చేయించి, 888తో మొదలయ్యే ఒక పొడుగాటి సంఖ్య చూపించేవాళ్లు. ‘ఇదే మీ కంప్యూటర్ ఐడీ, మా దగ్గరున్నది చదువుతాను, సరిపోయిందో లేదో చూడండి’ అనేవాళ్లు. అక్షరం తేడా లేకుండా సరిపోయేది. ఎందుకంటే ఫైళ్లను జిప్ చేసే సదుపాయానికి విండోస్ పెట్టుకున్న గుర్తింపు సంఖ్య అది. ప్రతి విండోస్ కంప్యూటర్‌లోనూ అదే ఉంటుంది. ఇలా మోసపోయినవాళ్లని అమాయకులని కొట్టిపారేయడం నాకు నచ్చదు. వాళ్లు రుజువు అడిగారు. చేతికొచ్చిన రుజువే దొంగది.

2012 అక్టోబర్‌లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఈ ఫోన్ ముఠాల మీద ఒకేసారి ఆరు కేసులు పెట్టింది. వాటిలో ఎక్కువ భాగం భారత్ నుంచి నడిచేవి. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, బ్రిటన్ లాంటి ఇంగ్లిష్ మాట్లాడే దేశాలవాళ్లకు గురిపెట్టేవి. ముక్కూమొహం తెలియనివాళ్ల ఫోన్ అంటే జనంలో అనుమానం పెరుగుతూ వచ్చింది.

అసలు మలుపు ఇక్కడుంది. దొంగ సాఫ్ట్‌వేర్లవాళ్ల భయపెట్టే తెర, ఫోన్ ముఠాలవాళ్ల మాటకారితనం ఒక్కచోట కలిశాయి. ఇక తాము ఫోన్ చేయడం కాదు, బాధితులతోనే చేయించడం. ఈ తేడా చిన్నది కాదు. ఎవరో ఫోన్ చేస్తే అనుమానిస్తాం. మనమే చేస్తే అవతల ఉన్నవాళ్లు సాయం చేయడానికే ఉన్నారనుకుంటాం. పైగా ఫోన్ చేసేవాళ్లు అప్పటికే హడలిపోయి ఉంటారు.

తెరను బిగించడానికి వాళ్లు వాడుకున్నవన్నీ సౌకర్యం కోసం పుట్టినవే. ఫుల్ స్క్రీన్ వీడియోల కోసం వచ్చింది. ‘ఈ పేజీ వదిలి వెళ్తారా’ అన్న ప్రశ్న, సగం నింపిన ఫారం పోకుండా కాపాడటానికి వచ్చింది. దూరం నుంచి కంప్యూటర్ నడిపే ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ కూడా అంతే, నిజమైన సాంకేతిక సిబ్బంది రోజూ వాడే పనిముట్లే. బ్రౌజర్లు ఒక్కో కంత పూడ్చినప్పుడల్లా మోసగాళ్లు ఇంకోటి వెతుక్కున్నారు. 2016లో మైక్రోసాఫ్ట్ సెర్చ్ ఇంజిన్ బింగ్, 2018లో గూగుల్, కంప్యూటర్ బాగుచేస్తామనే బయటి టెక్ సపోర్ట్ కంపెనీల ప్రకటనలకు అడ్డుకట్ట వేశాయి. 2025లో ఎడ్జ్, క్రోమ్ బ్రౌజర్లు రెండూ ఇలాంటి పేజీలను కంప్యూటర్‌లోనే ఏఐతో పసిగట్టే ఏర్పాటు తెచ్చాయి. ఇన్ని మారినా మారనిది తెర మీది ఫోన్ నంబర్. అది లేకపోతే వాళ్లకి వ్యాపారమే లేదు. నిజమైన హెచ్చరికల్లో ఎప్పుడూ ఫోన్ నంబర్ ఉండదని మైక్రోసాఫ్ట్ ఎన్నోసార్లు చెప్పింది. గుర్తుపట్టడానికి ఆ ఒక్కటి చాలు.

అడిగే డబ్బు మాత్రం అంతకంతకూ పెరిగింది. అమెరికాలోని స్టోనీ బ్రూక్ యూనివర్సిటీ పరిశోధకులు 60 మంది మోసగాళ్లతో మాట్లాడి 2017లో ఒక అధ్యయనం ప్రచురించారు. అప్పట్లో సగటున అడిగింది సుమారు 290 డాలర్లు. తర్వాత గిఫ్ట్ కార్డులు కొని వాటి నంబర్లు చెప్పమనడం వచ్చింది. ఆ తర్వాత ‘మీ ఖాతాలో డబ్బుకి ప్రమాదం, భద్రమైన ఖాతాకి మార్చండి’ అంటూ దాచుకున్నదంతా ఊడ్చేయడం. టెక్ సపోర్ట్ మనిషి, బ్యాంకు మనిషి, ప్రభుత్వ అధికారి ఒకరి తర్వాత ఒకరు మాట్లాడే ఈ నాటకం గురించి ఎఫ్‌బీఐ 2023లో హెచ్చరించింది. ఇంటికే మనిషిని పంపి నగదు, బంగారం పట్టుకుపోతున్నారని 2024లో చెప్పింది. ఆ ఒక్క ఏడాది టెక్ సపోర్ట్ మోసాల్లో పోయినట్టు ఎఫ్‌బీఐకి అందిన ఫిర్యాదుల మొత్తం 146 కోట్ల డాలర్లు. భారత్‌లో సీబీఐ 2023 అక్టోబర్‌లో ఆపరేషన్ చక్ర-2 పేరుతో 76 చోట్ల సోదాలు చేసింది. టెక్ సపోర్ట్ ముఠాలపై మైక్రోసాఫ్ట్, అమెజాన్ ఇచ్చిన ఫిర్యాదులు కూడా అందులో ఉన్నాయి.

అలాంటి తెర ఎదురైతే ముందు సౌండ్ తగ్గించండి, సగం భయం అక్కడే దిగుతుంది. ఎస్కేప్ కీ కొన్ని క్షణాలు నొక్కిపట్టుకుంటే ఫుల్ స్క్రీన్ పోతుంది. అప్పుడు ట్యాబ్ మూసేయొచ్చు. కాకపోతే విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ నుంచి బ్రౌజర్‌ని ఆపేయండి. మ్యాక్‌లో కమాండ్, ఆప్షన్, ఎస్కేప్. తిరిగి తెరిచినప్పుడు పాత పేజీలు మళ్లీ కావాలా అని అడిగితే వద్దనండి. తెర మూలన ఇలాంటి హెచ్చరికలు వస్తూనే ఉంటే, ఏదో సైట్‌కి నోటిఫికేషన్ అనుమతి ఇచ్చి ఉంటారు. సెట్టింగ్స్‌లో దాన్ని తీసేయండి.

ఇప్పటికే ఫోన్ చేసి లోపలికి రానిచ్చి ఉంటే నెట్ తీసేయండి. వాళ్లు పెట్టించిన సాఫ్ట్‌వేర్ తొలగించి, యాంటీవైరస్‌తో పూర్తి స్కాన్ చేయండి. పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో మార్చండి. కార్డు వెనకున్న నంబర్‌తో బ్యాంకుకి చెప్పండి, పోలీసులకు ఫిర్యాదు చేయండి. సిగ్గుపడి ఆలస్యం చేస్తే డబ్బు వెనక్కి రావడం ఇంకా కష్టమవుతుంది. కొన్ని వారాలకో నెలలకో మీ పేరు, పోయిన మొత్తం చెప్పి, ఆ డబ్బు తిరిగి ఇప్పిస్తామంటూ ఒక ఫోన్ రావచ్చు. కంప్యూటర్‌లోకి మళ్లీ రానిమ్మనో, కాస్త ఫీజు కట్టమనో అడుగుతారు. వాళ్లు కూడా ఆ ముఠా మనుషులే, లేదా ఆ ముఠా దగ్గర మీ వివరాలు కొనుక్కున్నవాళ్లు.