నీళ్ల మీద సోలార్, ఒడ్డున నౌకరి

రామగుండం ఎన్టీపీసీ రిజర్వాయర్ మీద తేలే సోలార్ పలకలను చూడబోయినవాళ్లు మామూలుగా కరెంటు ఎంత వస్తుందని అడుగుతారు. గోదావరిఖనిలో పుట్టి పెరిగిన మా బావమరిది మాత్రం గట్టు మీద నిలబడి, "ఇంత పెద్దగ కట్టిండ్రు గదా బావా, నౌకరీలు ఎన్ని వచ్చినయ్?" అన్నాడు. బొగ్గు ఊళ్లలో ఏ కొత్త కట్టడాన్నైనా ఆ లెక్కతోనే కొలుస్తారు. హరిత ఉద్యోగాల గురించి నేను చదివిన చాలా కాగితాల కంటే ఆ ప్రశ్నే సూటిగా ఉంది.

ముందు ఆ ప్లాంటు సంగతి. 2022 జులై 1 నుంచి పూర్తి స్థాయిలో పనిచేస్తోంది. సామర్థ్యం 100 మెగావాట్లు, పరుచుకున్నది 500 ఎకరాల్లో. మొత్తం 40 బ్లాకులు, ఒక్కో బ్లాకులో 11,200 పలకలు. ఇన్వర్టర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు కూడా ఒడ్డున కాకుండా ఫెర్రోసిమెంటు తెప్పల మీదే ఉంటాయి. అవి గాలికి కొట్టుకుపోకుండా నీటి అడుగున కాంక్రీటు దిమ్మెలకు కట్టేశారు. నీళ్ల మీదే ఎందుకంటే భూమి మిగులుతుందన్నది ఒక కారణం. రెండోది రామగుండం ఎండ. సోలార్ పలకకు వెలుతురు కావాలి గానీ వేడి పడదు. సిలికాన్ పలక 25 డిగ్రీలు దాటాక డిగ్రీకి దాదాపు 0.35 శాతం చొప్పున బలం కోల్పోతుంది. మే నెలలో మన డాబా మీద పలక 65 డిగ్రీలకు కాగిందంటే, ఆ 40 డిగ్రీల తేడాకు 14 శాతం కరెంటు పోయినట్టే. కింద నీళ్లుంటే పలక కొంత చల్లగా ఉంటుంది. పైన పలకలుంటే నీళ్లు తక్కువ ఆవిరవుతాయి. ఏడాదికి 32.5 లక్షల ఘనపు మీటర్ల నీళ్లు, 1.65 లక్షల టన్నుల బొగ్గు మిగులుతాయని ప్రారంభించినప్పుడు లెక్క చెప్పారు.

ఇక నౌకరీలు. బొగ్గు ప్లాంటులో వ్యాగన్లు దించాలి, బొగ్గు నూరాలి, బాయిలర్ చూసుకోవాలి, బూడిద ఎత్తాలి. ఇదంతా రోజూ, మూడు షిఫ్టుల్లో. సోలార్‌లో తిరిగే యంత్రమే లేదు. పలకలు తుడవాలి, తీగలూ ఇన్వర్టర్లూ చూడాలి, కాపలా కాయాలి. కట్టేటప్పుడు జనం కావాలి, కట్టాక కొద్దిమంది చాలు. సోలార్ కరెంటు చౌకగా పడటానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి. దాన్నుంచే ఊరందరికీ ఉద్యోగాలు రావాలనడం, ఎద్దులు అమ్మి ట్రాక్టర్ కొన్నాక జీతగాడి పని ఏమైందని అడిగినట్టే ఉంటుంది.

అలాగని బొగ్గు నౌకరీలను సోలార్ తినేసిందనుకోవడం కూడా తప్పే. ఇల్లందు దగ్గర 1889లో మొదలైన తవ్వకాలు పెరిగి పెరిగి, 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండేవారు. ఇప్పుడు పర్మినెంటు వాళ్లు సుమారు 40 వేలు. ఈ మధ్యకాలంలో బొగ్గు తగ్గిందా అంటే లేదు, మూడు రెట్లు దాటింది. 2023-24లో దాదాపు 7 కోట్ల టన్నులు తీశారు. అండర్‌గ్రౌండ్ గనుల నుంచి, నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టులకు మారారు, తట్టా చెమ్మస్ (బొగ్గు ఎత్తే పార) పోయి షావెళ్లు, డంపర్లు వచ్చాయి. సగానికి పైగా నౌకరీలు ఒక్క సోలార్ పలక కూడా పెట్టకముందే పోవడం మొదలైంది. ఆ తర్వాత సింగరేణే మణుగూరు, ఇల్లందు, మందమర్రి, భూపాలపల్లిలో సొంత సోలార్ ప్లాంట్లు పెట్టుకుంది.

మన దగ్గర పని వేరు, నౌకరి వేరు. సింగరేణి నౌకరి అంటే క్వార్టరు, దవాఖాన, పీఎఫ్, దసరా ముందు లాభాల్లో వాటా, ఆరోగ్యం చెడి దిగిపోతే కొడుక్కు కారుణ్య నియామకం. ఈ తేడాను అంతర్జాతీయ కార్మిక సంస్థ కూడా తన భాషలో చెబుతుంది. హరిత ఉద్యోగం అనిపించుకోవాలంటే అది పర్యావరణాన్ని కాపాడేదో బాగుచేసేదో అయితే సరిపోదు, గౌరవంగా బతకనిచ్చే ఉద్యోగం కూడా అయ్యుండాలి. అంటే సరైన జీతం, భద్రత, కష్టం వస్తే ఆదుకునే ఏర్పాటు. ఉపన్యాసాల్లో మొదటి షరతు గట్టిగా వినబడుతుంది, రెండోదాన్ని మింగేస్తారు.

వరంగల్ దగ్గరి మడికొండ డంపింగ్ యార్డు లాంటి చోట్ల చెత్త ఏరేవాళ్లను తీసుకోండి. ఖనిజం నుంచి అల్యూమినియం తీయడానికి పట్టే శక్తిలో 5 శాతంతోనే పాత డబ్బాలను కరిగించి మళ్లీ వాడుకోవచ్చు. మిగిలే ఆ 95 శాతం మొదలయ్యేది డబ్బాను ఏరిన చేతితోనే. ఆ చేతికి గ్లవ్స్ ఉండవు. పని పచ్చనిదే, నౌకరి మాత్రం కాదు. 2012లో వరంగల్ నగరంలో ఇంటింటా తడి, పొడి చెత్త విడిగా తీసుకోవడం పెద్ద ఎత్తున మొదలుపెట్టినప్పుడు దేశంలో చాలామంది ఇటు చూశారు. గుమ్మం దగ్గరే వేరైన ప్లాస్టిక్‌కు మంచి ధర పలుకుతుంది. దాన్ని ఏరే మనిషి కంపులో కూర్చోనక్కర్లేదు, షెడ్డు కింద బల్ల ముందు నిలబడవచ్చు. ఉద్యోగం స్థాయిని మార్చేది ఒక్కోసారి వంటింట్లో ఉండే రెండో బుట్ట.

ఇప్పుడు మా బావమరిది ప్రశ్నకు ఇంకో వైపు చూద్దాం. ఇంధనం, పర్యావరణం మీద పరిశోధన చేసే సీఈఈడబ్ల్యూ, ఎన్‌ఆర్‌డీసీ సంస్థలు 2017లో ఒక అంచనా వేశాయి. నేల మీద కట్టే పెద్ద సోలార్ ప్లాంటుకు మెగావాట్‌కు 3.45 ఉద్యోగ సంవత్సరాల పని పడుతుంది. అదే మెగావాట్‌ను ఇళ్ల డాబాల మీద పంచితే 24.72. ఉద్యోగ సంవత్సరం అంటే ఒక మనిషికి ఏడాది పొడవునా దొరికే పని. ఏడింతల తేడా ఎక్కడిదో ఊహించడం కష్టం కాదు. ఇంటికి 3 కిలోవాట్ల లెక్కన ఒక మెగావాట్ అంటే 333 ఇళ్లు. ఒక ఇంట్లో నీళ్ల ట్యాంకు నీడ పడుతుంది, ఇంకో ఇంట్లో పక్కింటి కొబ్బరి చెట్టు అడ్డం. ఒకచోట అత్తగారు ఒడియాలు ఎండబెట్టుకునే జాగా వదలమంటుంది. ప్రతి ఇంటికీ ఒకరు వెళ్లి మాట్లాడాలి, కొలవాలి, స్టాండు బిగించాలి, ఎర్తింగ్ వేయాలి, వచ్చిన కరెంటునూ వాడిన కరెంటునూ లెక్కగట్టే నెట్ మీటర్ కోసం దరఖాస్తు పెట్టాలి. ఇందులో ఏదీ ఢిల్లీ నుంచి చేయగలిగేది కాదు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కోటి ఇళ్లను లక్ష్యంగా పెట్టుకుంది, 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఇస్తోంది. ఎక్కువ మంది పనిచేస్తే ఖర్చూ ఎక్కువే, ఆ మేరకు డాబా కరెంటు పెద్ద ప్లాంటు కరెంటు కంటే ఖరీదు. నా మట్టుకు నేను ఆ ఖర్చు దండగ అనుకోను, ఆ డబ్బులో మంచి భాగం మా హన్మకొండలోనే తిరుగుతుంది.

తిరగాలి, అనాలేమో. మూడేళ్ల కింద మా డాబా మీద పలకలు పెట్టించాం. ఒక వేసవిలో ఇన్వర్టర్ ఆగిపోయింది. అమ్మిన కంపెనీ మనిషి హైదరాబాద్ నుంచి రావాలన్నారు. 19 రోజులు రేపు, ఎల్లుండి అంటూ గడిపారు. చివరికి మా గల్లీలో ఐటీఐ ఎలక్ట్రీషియన్ చదివిన కుర్రాడు ఎక్కి చూస్తే, కోతులు పీకిన ఒక కనెక్టర్ కనబడింది. వరంగల్ సోలార్ టెక్నీషియన్లకు పాఠ్యపుస్తకంలో లేని అధ్యాయం కోతులు.

ఆ కుర్రాడి పని చిన్నదేం కాదు. ఇంటి కరెంటుకైతే మెయిన్ ఆపితే సరిపోతుంది. సోలార్ పలకను ఎండ ఉన్నంతసేపు ఆపలేం. అది డీసీ కరెంటు, వైరు తెగితే నిప్పురవ్వ చప్పున ఆరదు. తుడవడానికీ వేళ ఉంది. మిట్టమధ్యాహ్నం కాగిన అద్దం మీద చల్లనీళ్లు పోస్తే పగలొచ్చు, అందుకే తెల్లవారుజామున ఎక్కుతాడు. బోరునీళ్లు వాడితే తెల్లటి చార కట్టి కరెంటు ఇంకా తగ్గుతుంది. ఐటీఐ పిల్లలకు ఇవన్నీ నేర్పడానికి 2015లో సూర్యమిత్ర పేరుతో 600 గంటల శిక్షణ మొదలైంది. అతను ఆ సర్టిఫికెట్టు ప్లాస్టిక్ కవర్లో పెట్టి బండి డిక్కీలో దాచుకున్నాడు.

సోలార్ ఒక్కటే హరితం కాదు. నర్సంపేట, పరకాల, జమ్మికుంట దారుల్లో పత్తి ఏరడం అయిపోయాక చేలల్లో పొగలు లేస్తాయి. ఎకరాకు దాదాపు టన్ను పత్తికట్టె వస్తుంది. వదిలేస్తే మిగిలిన కాయల్లో గులాబీ రంగు పురుగు దాక్కుంటుంది, అందుకే రైతు అగ్గిపెడతాడు. అదే కట్టెను ముక్కలు చేసి ఒత్తితే బాయిలర్లలో వాడే ఇంధనపు దిమ్మెలవుతాయి. గాలి సరిగా ఆడని డ్రమ్ములో మాగబెడితే ఒక రకం బొగ్గవుతుంది, దాన్ని మట్టిలో కలిపితే అందులోని కార్బన్ చాలావరకు వందల ఏళ్లు అక్కడే ఉంటుంది. నాకు ఇందులో నచ్చిన సంగతి వేరే. పత్తికట్టెకు బరువు తక్కువ, జాగా ఎక్కువ. లారీ నిండిందంటే అందులో సగం గాలే. దూరం తీసుకెళ్తే డీజిల్ ఖర్చే మింగేస్తుంది. అంటే మిషన్ ఊరికి దగ్గర్లో ఉండి తీరాలి, నడిపేవాళ్లూ ఆ ఊరివాళ్లే అవుతారు. కాకపోతే ఆ పని సంక్రాంతికి కాస్త ముందూ వెనకా కొన్ని వారాలే. మిగతా ఏడాది ఆ మిషన్‌కు ఊకో, కంది కట్టెనో దొరకాలి, లేకపోతే బ్యాంకు కిస్తీ ఆగదు.

మహిళా సంఘాలతో 1,000 మెగావాట్ల సోలార్ ప్లాంట్లు పెట్టిస్తామని రాష్ట్ర ప్రభుత్వం చెబుతోంది. అక్కడ మహిళలు కూలీలు కాదు, యజమానులు. అది ఇంకో రకం లెక్క, దానికి వేరే వ్యాసం కావాలి.

చెరువుల దగ్గరికి వస్తే, మనకు ఎనిమిది వందల ఏళ్ల కిందే హరిత ఉద్యోగం ఉండేదని చెప్పుకోవచ్చు. కాకతీయులు పాకాల, రామప్ప, లక్నవరం తవ్వించి వదిలేస్తే అవి ఇన్నాళ్లు ఉండేవి కావు. చెరువుకు ఒక మనిషి కావాలి. తెలంగాణలో అతని పేరు నీరటి. తూము ఎప్పుడు ఎత్తాలి, ఏ మడికి ఎంత సేపు, కట్టకు ఎక్కడ బుంగ పడింది, అన్నీ అతనే చూసేవాడు. జీతం ఆయకట్టు రైతులు కొలిచే వడ్లు. 2015 మార్చిలో మిషన్ కాకతీయ మొదలుపెట్టి 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలనుకున్నారు. పూడిక మట్టి చెల్క (ఎర్ర ఇసుక) నేలల్లో పడితే అందులోని బంకమన్ను, ఆకుల కుళ్లు కలిసి తేమను ఎక్కువ రోజులు పట్టి ఉంచుతాయి, యూరియా కొంత తగ్గించుకోవచ్చు. తవ్వింది మాత్రం ఎక్కువగా జేసీబీలు, మోసింది ట్రాక్టర్లు. నీరటి సంగతి చూస్తే, ఊరి మరో సేవకుడు మస్కూరితో పాటు అతనూ వీఆర్‌ఏ (గ్రామ రెవెన్యూ సహాయకుడు) అయ్యాడు. 2023లో వీఆర్‌ఏలకు పే స్కేలు ఇచ్చి, చదువును బట్టి రకరకాల శాఖల్లో సర్దారు. కొందరు కాలువలు, తూములు చూసే లస్కర్లుగా మళ్లీ నీళ్ల దగ్గరికే వెళ్లారు, మిగతావాళ్లు వేరే శాఖల్లో చేరారు. ఆ కుటుంబాలకు చివరికి నౌకరి దొరికింది, అందుకు సంతోషమే. మా అమ్మగారి ఊళ్లో తూము దగ్గర ఎవరూ లేరు, పోయిన వానాకాలం అలుగు పారుతుంటే యువకులు ఫోన్లు పట్టుకుని వచ్చారు.

మొన్న ఒక ఆదివారం తెల్లవారుజామున మా గల్లీ కుర్రాడు పలకలు తుడవడానికి వచ్చాడు. ఆ నెలలో 23 ఇళ్లు చేశాడట, ఇంటికి 300. చాయ్ తాగుతూ నాతో, "సార్, పనికేం తక్కువ లేదు. సంబంధం చూడబోతే మాత్రం పిల్లగాడు ఏం నౌకరి చేస్తడని అడుగుతున్నరు" అన్నాడు. బండి స్టార్ట్ చేసి మళ్లీ ఆగాడు. జూనియర్ లైన్‌మెన్ నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో నాకేమన్నా తెలుసా అని అడిగాడు. కరెంటు స్తంభం ఎక్కే పరీక్షకు రోజూ సాయంత్రం ప్రాక్టీస్ చేస్తున్నాడట.